మూడో సంపుటంలో మోగిన గంట

మూడో సంపుటం రెండువందల పద్దెనిమిదో పుటలో గంట మోగింది.

రోజలిన్ ఆ వాక్యం మీద చూపుడువేలు ఆనించి, తలెత్తి కిటికీలోంచి చూసింది. కింద కూర్మన్నపాలెం జంక్షనులో షిఫ్టు దిగినవాళ్ళ మోటారు సైకిళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. సముద్రం వైపునుంచి ఒక నల్లని మబ్బు ఏ తొందరా లేకుండా వస్తోంది. వేలు తీస్తే వాక్యం మారిపోతుందేమో అన్నట్టు కాసేపు అలాగే ఉండి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

“కోట గంట మూడుసార్లు మోగింది. లోహగిరి ప్రజలందరూ విన్నారు. విననివాడు ఒక్కడే. అగ్నినది గట్టున కావలి కాయవలసిన తరణుడు, ఇంటినుంచి భార్య పంపిన శంఖాన్ని చెవికి ఆనించుకుని, అందులో ఆమె చెప్పిన ముచ్చట్లు వింటున్నాడు. అగ్నిసర్పం అతని వెనకనుంచే వచ్చింది.”

వాక్యం మారలేదు.

బల్లమీద గోధుమరంగు అట్టకాగితం, కత్తెర, మైదా జిగురు గిన్నె ఉన్నాయి. కార్మికుల చందాలతో నడిచే ఆ మేడమీది గ్రంథాలయానికి ఏ పుస్తకం వచ్చినా ముందు అట్ట వేసి, ముద్ర కొట్టి, వరస సంఖ్య రాసి, ఆ తరవాతే బీరువాలో పెట్టడం రోజలిన్ ఉద్యోగం. అట్ట వెయ్యనిదే పుట తిప్పకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టడి. మూడేళ్ళలో ఇవాళే అది తప్పింది. పుస్తకాల కట్ట విప్పుతూనే నిలువుకాళ్ళమీద నిలబడి చివరి అధ్యాయాలు చదివింది.

ఊరంతా ఎదురుచూసిన పుస్తకం అది. కాలేజీ పిల్లలూ, షిఫ్టు కూలీలూ నలభైమంది ముందుగానే పేర్లు రాయించుకున్నారు. రాసినాయన అసలు పేరెవరికీ తెలియదు. అట్టమీద ‘వహ్నికేతు’ అని ఉంటుంది. మొదటి సంపుటంలో కావలివాడు చచ్చిపోతాడు. రెండో సంపుటంలో అతని మీద నింద పడుతుంది. మూడో సంపుటంలో రాజు కొలువులో విచారణ జరుగుతుందని రెండోదాని చివర మాట ఇచ్చాడు. ఆ విచారణలో ఏం తేలుతుందా అని అందరూ పందేలు వేసుకున్నారు. రోజలిన్ ఎవరితోనూ పందెం వెయ్యలేదు. తీర్పుకోసం కోర్టు అరుగుమీద కూర్చున్న మనిషిలా ఎదురుచూసింది.

కార్యదర్శి శ్రీరామ్మూర్తి మెట్లెక్కి వచ్చి గొడుగు మూలకు ఆనించాడు. “ఏటమ్మా, వచ్చీసిందా మీ పుస్తకం? ఎలాగుంది?”

“బాగోలేదండి.”

“అదేటి, మూడేళ్ళనుంచి నువ్వే కదా అందరికీ అంటగట్టావు. రాజు గెలిచాడా లేదా?”

“గెలిచాడండి. అందుకే బాగోలేదు.”

ఆయన నవ్వాడు. “రాజుల కథలో రాజు గెలవక బంట్రోతు గెలుస్తాడేటి?”

రోజలిన్ చేతిసంచీ తెరిచి, శుక్రవారం వాయిదా కోసం సిద్ధం చేసుకున్న కాగితాల్లోంచి ఒకటి బయటికి తీసింది. నాలుగేళ్ళ మడతలు పడిన నకలు. హైవే అవతలి రోలింగు మిల్లు వాళ్ళు ఇచ్చిన ప్రమాద నివేదిక. ఎర్ర పెన్సిలుతో గీత గీసిన వాక్యం దగ్గర పుస్తకాన్ని ఆనించి రెండూ పక్కపక్కన చూసుకుంది. “హెచ్చరిక గంట మోగినప్పటికీ, సదరు కార్మికుడు దేవదానం తన భార్య పంపిన వాయిస్ మెసేజీని ఫోనులో వినుచుండినందున, ప్రమాదము స్వీయ నిర్లక్ష్యము వలన సంభవించినది.”

గంట గంటే. శంఖం ఫోను. భార్య భార్యే, అంటే తనే. కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో మడిచింది.

ఆ వేళకే మెట్లమీద బరువైన అడుగులు వినిపించాయి. ఆ అడుగులు ఆమెకు తెలుసు. నలభై ఒకటో నంబరు కార్డు. చలమయ్య. అదే మిల్లులో క్రేను నడిపి, ఆ ప్రమాదం తరవాత కళ్ళు మసకబారాయని మానేసినవాడు. దేవదానం కొక్కేనికి గొలుసు తగిలించేవాడు. చలమయ్య పైనుంచి ఎత్తేవాడు. పదకొండేళ్ళు ఇద్దరూ “బావా” అంటే “బావా” అనుకున్నారు. మిల్లు విచారణలో “నాను గంట కొట్టానండి” అని సంతకం పెట్టినవాడూ ఈ చలమయ్యే. అప్పటినుంచి రోజలిన్ అతన్ని అన్నయ్యా అని పిలవలేదు. ముద్ర కొట్టి పుస్తకం ఇస్తుంది. అతను తలవంచుకుని తీసుకుంటాడు. అక్షరం కింద వేలు పెట్టి చదివే మనిషి, మొదటి సంపుటాన్ని మాత్రం ఇప్పటికి ఏడుసార్లు పట్టుకెళ్ళాడు. ఇప్పుడూ అది అతని దగ్గరే ఉంది.

“మూడోది వచ్చిందంట కదమ్మా.”

“అట్ట ఆరలేదు. జాగ్రత్తగా పట్టుకోండి.” ముద్ర కొట్టింది. “మొదటిది ఎప్పుడు తెస్తారు?”

“తెత్తాను.”

“గురువారంలోగా తెచ్చియ్యండి. శుక్రవారం దాంతో నాకు పనుంది. నష్టపరిహారం ఆఫీసరుగారి దగ్గర చివరి వాయిదా.”

చలమయ్య మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి, పుస్తకాన్ని చొక్కా లోపల దాచుకుని, చినుకులు పడకుండానే తడవబోతున్నవాడిలా వడివడిగా మెట్లు దిగిపోయాడు.

*

ఇంటి దగ్గర అత్తగారు ప్రేమలీల బైబిలు మూసి కళ్ళజోడు తీసింది. “వచ్చిందా?”

మూడేళ్ళుగా రోజలిన్ ఆ కథను సాయంత్రాలు అత్తగారికి చదివి వినిపిస్తోంది. ముసలామెకు అగ్నిసర్పాల మీద నమ్మకం లేదు. కావలివాడి మీద మాత్రం ఉంది. కొడుకు పోయిన రోజున ఆమె కోడలితో ఒకే ఒక్క మాట అంది: “నీ కబుర్లు వింటా పోయాడంట కదే.” ఆ తరవాత మళ్ళీ ఎన్నడూ అనలేదు. అననందువల్ల ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది.

“ఇంకా చూడలేదత్తా,” అంది రోజలిన్.

చెప్పిన అబద్ధం కంటే, అత్తగారు దాన్ని నమ్మకుండా నమ్మినట్టు తలాడించడం ఆమెను ఎక్కువ బాధించింది.

వంటగదిలో బియ్యం కడుగుతూ మొదటి సంపుటంలోని ఏడో అధ్యాయాన్ని మనసులో వల్లె వేసుకుంది. దానికి పుస్తకం అవసరం లేదు. “పండుగ మర్నాడు కూడా గంటకు కట్టిన పసుపు పట్టును విప్పలేదు. ఉద్వాసన కాలేదన్నారు. వచ్చిన అతిథులకు గంట మోత కర్ణకఠోరమన్నారు. వేరే దేవుణ్ణి కొలిచే తరణుడు విప్పబోతే, నువ్వు ముట్టుకోకు అన్నారు. అతను ముట్టుకోలేదు.”

విశ్వకర్మ పూజ మర్నాడు, షిఫ్టుకు ముందు దేవదానం ఫోను చేసి నవ్వుతూ చెప్పిన మాటలు కూడా ఆమెకు అలాగే కంఠతా వచ్చు. “రోజా, మా గంటకి పట్టుగుడ్డ కట్టారు. మూడు ముళ్ళేసి పెళ్ళికూతుర్ని చేసీసారు. ఇప్పమంటే ఉద్వాసన అవ్వాలంటన్నారు. ఆళ్ళ దేవుడి బట్ట, మనం ముట్టుకోకూడదు కదా.” ఆ మాటలు ఆమె విచారణలో చెప్పింది. గుడ్డ లేదన్నారు. చూసినవాళ్ళెవరూ లేరన్నారు. ఉన్నదల్లా పది గంటలకు ఆమె పంపిన వాయిస్ మెసేజీ: పాప స్టెఫీకి జ్వరం తగ్గింది, వచ్చేటప్పుడు మినప్పప్పు తెండి. పది దాటి ఏడు నిమిషాలకు కడ్డీల కట్ట అతని వీపుకు తగిలింది.

ఎనిమిది నెలల తరవాత మొదటి సంపుటం వచ్చింది. అందులో గుడ్డ ఉంది. ఆ రోజు రోజలిన్ గ్రంథాలయం తలుపు వేసుకుని ఏడ్చింది. ఎవరో ఒకరు చూశారు. చూసినవాడు రాస్తున్నాడు. రాసేవాడు చివరికి చెప్పి తీరతాడు. ఇదే ఆమె నమ్మకం. మూడేళ్ళు ఆమె దాన్ని పట్టుకునే నిలబడింది. ఇప్పుడు అదే చెయ్యి గుడ్డ విప్పేసి గంట మోగించింది.

*

బుధవారం సాయంత్రం బీచిరోడ్డు పక్కన ఒక హాలులో ఆవిష్కరణ సభ. ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని బస్సులో చెప్పుకుంటున్నారు. సముద్రం సీసం రంగులో ఉబ్బి, చప్పుడు చెయ్యకుండా ఊపిరి బిగబట్టినట్టుంది. పడవలన్నీ ఒడ్డుకు లాగేశారు.

వాకిట్లో పుస్తకాల బల్ల. మూడు సంపుటాలూ కొత్త అట్టలతో, ఒకే పెట్టెలో. మొదటి సంపుటం కొత్త ముద్రణ. రోజలిన్ అలవాటుగా వెన్ను చూసి, కుట్టు చూసి, ఏడో అధ్యాయం తెరిచింది. పండుగ ఉంది. అతిథులు ఉన్నారు. గుడ్డ లేదు. ఆ ఐదు వాక్యాల చోట రాజుగారి ఏనుగు వర్ణన ఉంది. రెండు ముద్రణలకూ పుట సంఖ్యలు తేడా రాకుండా సరిగ్గా అంతే జాగాలో ఏనుగును కూర్చోబెట్టారు. పని తెలిసినవాళ్ళు చేసిన పని.

వేదికమీద తెర తొలగింది. వహ్నికేతు అసలు పేరు దేవీప్రసాద్ అని వ్యాఖ్యాత ప్రకటించగానే కుర్రకారు ఈలలు వేశారు. రోజలిన్ కుర్చీ అంచు పట్టుకుంది. ఆ నున్నటి నుదురు, మాట్లాడేముందు కండువా సర్దుకునే ఆ తీరు ఆమె మరిచిపోలేదు. నాలుగేళ్ళ కిందట ఆసుపత్రి వరండాలో నిలబడి నివేదికను ఆమెకు చదివి వినిపించిన మనిషి అతనే. అప్పుడు మిల్లులో భద్రతాధికారి. ఇప్పుడు అదే మిల్లుకు మేనేజరట. సభ ఖర్చంతా మిల్లు యజమానులదేనని పూలదండలు వేస్తున్నప్పుడు తెలిసింది.

సంతకాల వరసలో ఆమె వంతు వచ్చేసరికి చాలాసేపయింది.

“పేరు ఏమని రాయమంటారండీ?” తలెత్తకుండానే అడిగాడు.

“దేవదానంగారి భార్య అని రాయండి.”

కలం ఆగింది. అతను తలెత్తాడు, ముఖంలో మాత్రం మార్పు లేదు. “నమస్కారం అమ్మా. బాగున్నారా?”

“పాఠకురాలిగా ఒక సందేహం అడగడానికి వచ్చాను. మొదటి సంపుటంలో గంటకి గుడ్డ కట్టారు. మూడో సంపుటంలో అది మోగింది. మధ్యలో ఆ గుడ్డ ఎవరు విప్పారండీ?”

వెనక నిలబడ్డ కుర్రాడొకడు “అవును సార్, మేమూ అదే అనుకుంటన్నాం” అన్నాడు. దేవీప్రసాద్ వాడివైపు చూసి నవ్వి, గొంతు తగ్గించి రోజలిన్‌తో అన్నాడు. “అది కథమ్మా. కథలో పొరపాట్లుంటాయి, దిద్దుకుంటాం. కొత్త ముద్రణలో గుడ్డ లేదు.”

“పొరపాటు గుడ్డదా, గంటదా?”

అతను కలం మూత ఒకసారి తిప్పి పెట్టాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతులో వేదికమీది మెరుపు లేదు. “మొదటిది రాసినప్పుడు ఎవరూ చదవరనుకున్నాను. నిద్రపట్టక రాసుకున్నాను. చదివేవాళ్ళు పెరిగేసరికి, వద్దన్నవాళ్ళూ వచ్చారు. మీరు నన్ను అర్థం చేసుకోవాలి.”

“మీ శంఖంలో ఉన్నది నా గొంతు, దేవీప్రసాద్‌గారూ. ఇంట్లో మా అత్తగారున్నారు. ఆవిడకి ఈ అధ్యాయం నేను ఎలా చదివి వినిపించాలి?”

ఆమె ఆగవలసినచోట ఆగలేదు. “పాత ముద్రణ మా గ్రంథాలయంలో ఉంది. వచ్చిన తేదీతో సహా ముద్ర ఉంది. ఎల్లుండి దాన్ని ఆఫీసరుగారి బల్లమీద పెడతాను.”

“ఏ గ్రంథాలయం అమ్మా?” అన్నాడు దేవీప్రసాద్, ఎంతో మర్యాదగా. అంటూనే పక్కన నిలబడ్డ తెల్లచొక్కా మనిషివైపు చూశాడు.

*

గురువారం పదిగంటలకు ఆ తెల్లచొక్కా మెట్లెక్కి వచ్చింది. వెనక ఇద్దరు కూలీలు అట్టపెట్టెలు మోసుకొచ్చారు. అతని పేరు అశోక్. ప్రచురణకర్తల మనిషినన్నాడు. పాత ముద్రణలో తప్పులు పడ్డాయనీ, పాఠకుల మేలుకోరి ప్రతి గ్రంథాలయంలోనూ పాత సంపుటాలు వెనక్కి తీసుకుని కొత్తవి ఉచితంగా ఇస్తున్నామనీ చెప్పాడు. ఒకటికి అయిదు ప్రతులు.

శ్రీరామ్మూర్తి ముఖం వెలిగింది. “అయిదా బాబూ? నలభైమంది కాసుక్కూచున్నారు. మంచి పని సేత్తన్నారు. రోజలిన్, పాతది తీసిచ్చీ అమ్మా.”

“పాతది బయట ఉందండి.”

“ఎవరి దగ్గర?” అశోక్ అడిగాడు.

“పాఠకుల పేర్లు బయటివాళ్ళకి చెప్పే పద్ధతి లేదు.”

“నానేటి బయటివాణ్ణా?” అంటూ శ్రీరామ్మూర్తి తానే కార్డుల పెట్టె ముందుకు లాగాడు. ఆయనలో దురుద్దేశం ఏమీ లేదు. అయిదు కొత్త పుస్తకాలు చూసిన ఆనందంలో ఉన్నాడు. వేలు తడి చేసుకుని కార్డులు తిప్పి, “ఇదిగో, నలభై ఒకటి, చలమయ్య. మార్కెట్టు వెనక రేకుల ఇల్లు” అని పైకి చదివాడు. అశోక్ రాసుకోలేదు. రాసుకునే అవసరం లేనట్టు తల ఊపి, రోజలిన్ వైపు తిరిగాడు.

“మేడమ్, మీ పాప ఇంటరు చదువుతోంది కదా. స్టెఫీ. మా వహ్నికేతుగారి అభిమానిట. పెట్టె ఒకటి ఇంటికి పంపించమన్నారు.” నవ్వాడు. “అడ్రసు చెప్పక్కర్లేదు లెండి.”

అతను వెళ్ళాక మెట్లమీద బూట్ల దుమ్ము మరకలు మిగిలాయి. బయట వాన మొదలైంది.

నిన్న తాను నోరు జారిందే ఇంత తెచ్చిపెట్టిందని రోజలిన్‌కు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. గొడుగు తీసుకుంది. శ్రీరామ్మూర్తి ఏదో అంటున్నా వినకుండా మార్కెట్టు వెనక్కి నడిచింది. ఈదురుగాలికి గొడుగు రెండుసార్లు తిరగబడింది. రేకుల ఇంటికి తాళం వేసి ఉంది. గడపమీద అరటితొక్కలూ, మనుషులు తొక్కిన బురదా.

పక్కింటి మంగాయమ్మ గుమ్మంలోంచే తొంగిచూసింది. “చలమయ్య కోసవేనా? నీకంటే ముందు కారొచ్చింది. తెల్లది. లోపలికెళ్ళారు, కూకున్నారు, ఎల్లిపోనారు. గోల గీల ఏటీ లేదు. ఆ తరవాత ఈడు సంచీ పట్టుకుని బయల్దేరాడు. ఎక్కడికిరా అంటే పలకడు.”

“ఏ వైపు వెళ్ళాడు పిన్నీ?”

“సముద్రం దిక్కునే ఎల్లాడు.”

రోజలిన్ ఆ తాళంవైపు చూస్తూ నిలబడింది. రేకులమీద వాన గులకరాళ్ళలా పడుతోంది. నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఈ గుమ్మంలోకి వచ్చి, అన్నయ్యా, ఏం జరిగింది అని తాను అడగలేదు. అడిగితే చెప్పేవాడో లేదో తెలియదు. అడగలేదన్నది మాత్రం తెలుసు. ఆ మనిషి చెప్పవలసినదాన్ని ఒక పుస్తకం చెబుతుందని తాను కూర్చుంది.

*

శుక్రవారం ఉదయానికి వాన వెలిసింది. గాలి మాత్రం అలాగే ఉంది. పదకొండు గంటలకు వాయిదా. కాగితాలు సర్దుకోవడానికి రోజలిన్ ఎనిమిదింటికే గ్రంథాలయం తలుపు తీసింది. చేతిలో నివేదిక ఉంది. దాన్ని కాదనడానికి మరేమీ లేదు. అత్తగారు బయల్దేరేటప్పుడు నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. “కావలోడికి ఏటైందో వచ్చేక చెప్పు” అంది. పుస్తకం చదివేసిన సంగతి ఆమెకు తెలుసన్నమాట.

మెట్లమీద బరువైన అడుగులు.

చలమయ్య గడప దగ్గరే నిలబడ్డాడు. చొక్కా ఇంకా తడిగానే ఉంది. మూడో సంపుటాన్ని బల్లమీద పెట్టాడు. “ఇది తిరిగిచ్చీడానికి వచ్చానమ్మా. సదివాను. రెండొందల పద్దెనిమిది దాకా. ఆ పైన సదవలేను.”

“మొదటిది?”

“అట్టుకుపోనారు. పుస్తకం అడిగారు, ఇచ్చీసాను.” తడి చొక్కా అంచు పిండుకున్నాడు. “ఆడు మూడో దాంట్లో గంట మోగిచ్చీసాడు, సెల్లెమ్మా.”

ఆ పిలుపు విని నాలుగేళ్ళయింది. రోజలిన్ కుర్చీ జరిపింది. “కూర్చోండి అన్నయ్యా.”

అతను కూర్చోలేదు. “ఇచారణలో ఆళ్ళు ఒకటే ప్రశ్న అడిగారు. గంట కొట్టావా అని. కొట్టాను. క్రేనులో గంట పెడల్ని కాలు నొప్పెట్టేలాగ తొక్కాను. కొట్టానన్నాను. మోగిందా అని ఎవులూ అడగలేదు. నాను సెప్పలేదు. ఆ తరవాత ఈ పుస్తకం వచ్చింది. ఓహో, సదువుకున్నోడు ఆడే రాత్తన్నాడు కదా, నా బోటిగాడు సెప్పడం ఎందుకు, ఆఖర్న ఆడే సెప్తాడు అనుకున్నాను. ఏడుసార్లు సదివాను అందుకే. గుడ్డ మాట నిజంగా రాసాడా, లేదా అని.”

“నేనూ అదే అనుకున్నాను,” అంది రోజలిన్.

చలమయ్య సంచీలోంచి పాత దినపత్రికలో చుట్టిన పొట్లం తీశాడు. పత్రిక విప్పే వేళ్ళు క్రేను మీటలు పట్టి బిరుసెక్కిన వేళ్ళు. అయినా పసిబిడ్డ గుడ్డలు విప్పుతున్నంత మెల్లగా విప్పాయి. లోపల పసుపు పట్టుగుడ్డ. కుంకుమ బొట్లు నల్లబడ్డాయి. గంట అంచు అచ్చు ఆకుపచ్చని చిలుముతో వలయంలా పడి ఉంది. ఒకపక్క బ్లేడుతో కోసిన గాటు. మరోపక్క మూడు ముళ్ళు, వేసినవి వేసినట్టే.

“బావ పడిపోగానే దేవీప్రసాదుగారు పరిగెట్టొచ్చారు. ముందు ఆ గుడ్డ తీసీరా, పారీరా అన్నారు. ముళ్ళు రాలేదు. కోసీసాను. పూజ గుడ్డ కదమ్మా, సెత్తలో ఎలాగ పారీడం? సముద్రంలో కలపాలి. ఉద్వాసన సెప్పకండా ఎలాగ కలపడం? నాలుగేళ్ళూ మా దేవుడి పీట కింద పెట్టుకున్నాను. నిన్న కలిపీదామనే ఎల్లాను. కెరటాలు ఇంతింతొస్తన్నాయి. ఇసిరితే అయిపోయీది. చెయ్యి రాలేదు.”

“నిన్న వాళ్ళు వచ్చినప్పుడు?”

“పుస్తకం అడిగారు. దీన్ని అడగలేదు.”

రోజలిన్ అడగవలసిన ప్రశ్న ఒక్కటే మిగిలింది. నాలుగేళ్ళుగా దాన్ని అడగడానికి భయపడి బతికింది. పత్తిలో రాయి చుట్టినట్టు ఎన్నో మాటల్లో చుట్టి దాచుకుంది. ఇప్పుడు దాన్ని ఉన్నదున్నట్టుగా అడిగింది. “ఫోను, అన్నయ్యా?”

“ఏ ఫోను?”

“నేను పంపిన మాటలు వింటున్నారన్నారు కదా.”

చలమయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని ముఖం పాలిపోయింది. ఆమె ఇన్నాళ్ళూ ఏం మోస్తూ తిరిగిందో అతనికి ఆ క్షణందాకా తెలియదు. “ఫోను పేంటు జేబులో ఉందమ్మా. పైనుంచి నాను సూసాను కదా. రెండు సేతులూ గొలుసు మీద ఉన్నాయి. రెండూ.”

రోజలిన్ కిటికీవైపు తిరిగింది. కింద బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు అరుస్తున్నాడు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, చేతిసంచీ భుజాన వేసుకుంది.

చలమయ్య గుడ్డను ఆమెకు అందించబోయాడు. ఆమె చెయ్యి చాచలేదు.

“మీరే పట్టుకురండి. నా మనిషిని ఈ గుడ్డ ముట్టుకోవద్దన్నారు. ఆయన ముట్టుకోలేదు. ఆ ముళ్ళు నేను విప్పను.”

*

విచారణ అధికారి గదిలో పంఖా కిర్రుమంటూ తిరుగుతోంది. మిల్లు తరఫున దేవీప్రసాద్ వచ్చాడు. వకీలు పక్కన కూర్చుని, రోజలిన్ చేతుల్లో పుస్తకమేదీ లేదని ఒకసారి చూసి నిశ్చయించుకున్నాడు. చలమయ్యను చూసి పలకరింపుగా తలూపాడు. చలమయ్య ఒళ్ళో సంచీ పెట్టుకుని, దానిమీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు.

అధికారి నడివయసు మనిషి. ఫైలు తిప్పుతూ, పాత వాంగ్మూలం దగ్గర ఆగాడు. “మీరేనా చలమయ్య? సాక్ష్యంలో మార్పేమైనా ఉందా? గంట కొట్టారా, లేదా?”

“కొట్టానండి.”

దేవీప్రసాద్ వీపు కుర్చీకి ఆనింది. అధికారి తల పంకించి, కలం తీసి, కాగితం అడుగున రాయడం మొదలుపెట్టాడు. చలమయ్య నోరు తెరిచాడు; మాట రాలేదు. అడిగినదానికి మాత్రమే బదులు చెప్పి బతికిన మనిషి. అడగనిది చెప్పడం అతనికి చేతకాలేదు. సంచీ మీది వేళ్ళు బిగుసుకున్నాయి. కలం ఒక పంక్తి దాటి రెండో పంక్తికి వచ్చింది.

రోజలిన్ లేచి నిలబడింది.

“అయ్యా, ఆ గంట మోగిందా అని కూడా అడగండి.”

వకీలు అభ్యంతరం చెప్పబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపి, ఆమెనూ, చలమయ్యనూ మార్చి మార్చి చూశాడు. కలం పక్కన పెట్టాడు. “మోగిందా?”

చలమయ్య సంచీలోంచి పొట్లం తీసి, పత్రిక మడతలు విప్పి, గుడ్డను బల్లమీద పరిచాడు. ఆకుపచ్చని వలయం పైకి కనిపించేలా సర్దాడు. మూడు ముళ్ళనూ దేవీప్రసాద్ వైపు తిప్పాడు.

“ఈ ముళ్ళేసిన చెయ్యి ఇక్కడే ఉందండి,” అన్నాడు. “ఆయన్నే ఇప్పమనండి.”

దేవీప్రసాద్ కండువా సర్దుకోవడానికి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి సగంలోనే ఆగిపోయింది.